వల గుండ్ల బరువు

పోలమ్మలాంటి అత్త ఊరికి ఒక్కతి ఉంటే చాలు, నాలాంటి నర్సుకు బీపీ రావడానికి! ఉద్దానం తీరంలోని ఆ బెస్తల ఊరికి నేను వచ్చింది తొంభై తొమ్మిదిలో. పోలమ్మ కోడలు కుసుమకు అప్పుడు ఐదో నెల. బరువు చూస్తే ముప్పై తొమ్మిది కిలోలు.

"కడుపుతో ఉన్న పిల్లకు ఇంత తిండి పెట్టరా?" అని అరిచాను.

"నిండా తింటే బిడ్డ పెద్దదైపోద్ది నర్సమ్మా. కాన్పు కట్టమైపోద్ది," అంది పోలమ్మ.

ఆమె సొంత కూతురు, కడుపులో బిడ్డ పెద్దదై బయటికి రాక, కాన్పులోనే పోయిందట. అందుకని కోడలికి పూటకు గరిటెడు అంబలి! చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

తర్వాతి నెలల్లో మాత్రం కుసుమ బరువు చక్కగా పెరిగింది. నలభై రెండు, నలభై ఐదు, నలభై తొమ్మిది. హమ్మయ్య, నా మాట తలకెక్కిందని మురిసిపోయాను. తొమ్మిదో నెలలో బరువు చూస్తుండగానే నొప్పులు మొదలయ్యాయి. చీర సడలించబోతే నడుముకు కట్టిన మూట జారి నా కాలి మీద పడింది. వలకు కట్టే సీసం గుండ్లు!

"నువ్వు కేకలేత్తావని నేనే కట్టాను," అంది పోలమ్మ.

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అంకెలు చూసి మురిసిన నేనెంత తెలివైనదాన్నో! పాప పుట్టింది, కిలో ఏడువందలు. బిడ్డకు కండే కాదు, జబ్బును తట్టుకునే శక్తీ తల్లి కడుపులోనే అందాలి. తల్లికే లేనిది బిడ్డకెక్కడ నుంచి వస్తుంది? నెల తిరక్కుండా జలుబు, ఆపైన న్యుమోనియా. రెండుసార్లు టెక్కలి ఆసుపత్రి నుంచి బతికి వచ్చింది. మూడోసారి రాలేదు.

పోలమ్మ ఎదురుపడినా రెండేళ్లు నేను పలకలేదు. అంత కోపం నాకు.

ఆ తర్వాత ఒకరోజు కుసుమను వెంటబెట్టుకుని తనే వచ్చింది. మళ్లీ నాలుగో నెల. నేను నోరు తెరవకముందే కోడలి కొంగు, కుచ్చిళ్లు అన్నీ దులిపి చూపించింది.

"ఏటీ కట్టలేదమ్మా. నువ్వే సూడు."

తూకం ఎక్కిస్తే ముల్లు నలభై దగ్గర ఆగింది. తిట్టు నా నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా పోలమ్మ నేల మీద కూర్చుని కేరియర్ విప్పింది. అన్నం, చేపల పులుసు.

"ఇంటికాడ పెడతన్నానంటే నువ్వు నమ్మవు. నీ ఎదరే పెడతాను," అంటూ ముద్ద కలిపింది. కుసుమ నోటికి అందించింది.

కూతురు ఎలా పోయిందో ఆమె మరిచిపోలేదు. ముద్ద పెట్టిన ప్రతిసారీ నా మొహంలోకి చూసి అడుగుతోంది.

"ఇంకోటి పెట్టమంటావా నర్సమ్మా? పిల్లకేటీ అవదు కదా?"