సగం చదివిన పేరు

లియావ్ షుమిన్ ఇరవై ఏడేళ్లుగా ఒకే ప్రాథమిక పాఠశాలలో చీనీ భాష చెబుతోంది. హాన్ నదికి ఈవల, ఆవచేల మధ్య ఉన్న ఆ చిన్న పట్నంలో సగంమంది ఆమె చేతిలో దెబ్బలు తిన్నవాళ్లు కాకపోయినా, ఎర్రసిరా గీతలు తిన్నవాళ్లే. ఏటా రెండో తరగతికి నిఘంటువు పరిచయం చేసే గంట అంటే ఆమెకు ప్రత్యేకమైన ఆసక్తి. ఆ గంటలో పిల్లలు మొట్టమొదట వెతికేది ఎవరి పేరు వాళ్లే. అందులోంచి ఏం బయటపడుతుందో ముందుగా తెలియని పాఠం ఆమె వృత్తిలో అదొక్కటే.

ఆ ఏడాది మూడో వరుసలోంచి ఒక చెయ్యి లేచింది. బడి గేటు దగ్గర, ఆవిరి మీద ఉడికించిన పిండిపొరలకు కారం కలిపి అమ్మే బండి నడిపే షేన్ తాత మనవరాలు, షేన్ వే.

"టీచర్, నా పేరు పుస్తకంలో తప్పుగా వేశారు."

"చూడనీ."

అక్షరం సరైనదే. మంచిది, అందమైనది అని అర్థం. ఉచ్చారణ దగ్గర మాత్రం 'వే' అని లేదు. 'యీ' అని ఉంది.

లియావ్ ఆ పేజీని అవసరమైనదానికంటే ఎక్కువసేపు చూసింది. చీనీ అక్షరంలో సాధారణంగా ఒక పక్క అర్థాన్నీ, రెండో పక్క శబ్దాన్నీ సూచిస్తుంది. తెలియని అక్షరం ఎదురైతే శబ్దం సూచించే సగాన్ని చదివి ముందుకు సాగిపోవడం ఆ భాషవాళ్లందరికీ ఉన్న అలవాటు. ఆ అలవాటు మీదే ఆమె ఎర్రసిరా అంతా ఖర్చయింది. అయినా హాజరుపట్టీలో ఆ పేరును రెండేళ్లుగా తానూ సగమే చూసి 'వే' అని చదివింది.

పక్క బల్ల పిల్లవాడు ఊరుకోలేదు. వాళ్ల భాషలో యీ అంటే ఒకటి, రాస్తే ఒక్క అడ్డగీత.

"ఏయ్ ఒకటీ! నీ రెండు ఎక్కడే?"

తరగతంతా గొల్లుమంది. ఆ పిల్ల నిఘంటువు మూసేసింది. "నా పేరేదో తేలేదాకా నన్నెవరూ పిలవొద్దు. శుక్రవారం నేను వేదిక ఎక్కను."

శుక్రవారం పద్యపఠన పోటీ. ఆ తరగతి తరఫున చదవవలసింది ఆ పిల్లే, పేరు ప్రకటించవలసింది లియావే. 'వే' అంటే భాష చెప్పే మనిషి ఊరందరి ముందు తప్పు చదివినట్టు. చెప్పాపెట్టకుండా 'యీ' అంటే, పేరు పెట్టిన ముసలాయన్ని ఆయన బేరగాళ్ల ముందే తలదించుకునేలా చేసినట్టు. పేరు అంటే రాసి ఉన్నదా, వినగానే మనిషి వెనుదిరిగి చూసేదా అన్న ప్రశ్న ఆమెకు అంతకుముందు ఎన్నడూ ఎదురుకాలేదు.

టీచర్ల గదిలో ఉన్న పెద్ద నిఘంటువు తీసింది. శబ్దం చెప్పవలసిన సగం ఎందుకు అబద్ధం చెబుతోంది? అబద్ధం కాదని తేలింది. అక్షరాన్ని కూర్చినవాళ్లు ఆ సగాన్ని శబ్దం కోసమే పెట్టారు. ఆ తర్వాత తరతరాలుగా మనుషుల నోళ్లు మారుతూ వచ్చాయి, రాత మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

బుధవారం బడి వదిలాక ఆమె బండి దగ్గరికి వెళ్లింది.

"రా టీచరమ్మా! కారం ఎంత వెయ్యమంటావ్?"

"తినడానికి రాలేదు పెద్దాయనా."

"తినకుండా నిలబడే టీచరంటేనే నాకు భయం. మా పిల్ల ఏం విరగ్గొట్టింది?"

"ఏమీ లేదు. దాని పేరులోని అక్షరం మీకెక్కడ దొరికింది?"

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "గొప్ప అనే అక్షరంలో పక్కన మనిషి నిలబడి ఉంటాడు చూడు, అది వే కదా. మగపిల్లల్లో వీధికి పదిమందికి అదే పేరు. ఇది పుట్టినప్పుడు పేర్ల పుస్తకంలో అలాంటిదే కనబడింది. మనిషి ఉండాల్సిన చోట దేవుడి పీఠం ఉంది. మనిషి తోడున్న గొప్పకంటే దేవుడు తోడున్న గొప్ప మేలు కదా అనుకున్నా."

అది తప్పే. అయితే అంత శ్రద్ధగా చేసిన తప్పు తన ఎర్రసిరాకు ఎప్పుడూ తగల్లేదని లియావ్ మనసులో ఒప్పుకుంది. తర్వాత విషయం చెప్పింది.

గరిటె ఆగింది. "అంటే ఎనిమిదేళ్లుగా ఎవరి పిల్లనో పిలుస్తున్నానా?"

"రెండేళ్లుగా నేనూ."

"నాదంటే పిండి పని! నీకు జీతమిచ్చేదే దానికి కదమ్మా!"

బల్ల మీద తింటున్నవాడికి కారం ముక్కుకెక్కింది. లియావ్ "నిజమే" అని, పెద్ద నిఘంటువులో చదివిందంతా చెప్పింది.

"అయితే పాతకాలంవాళ్లు నాలాగే చదివేవాళ్లా?"

"మీలాగే అని చెప్పలేను. దగ్గరదగ్గరగా పలికి ఉంటారు."

"అలా చెప్పు! నేను తప్పు చదవలేదు, ఆలస్యంగా పుట్టానంతే." గరిటె మళ్లీ కదిలింది. "మా రోజుల్లో అందరికీ రెండు పేర్లు. ఇంట్లో పాలపేరు, బళ్లో పుస్తకం పేరు. దీనికి వేవే పాలపేరు. నువ్వు చెప్పేది పుస్తకం పేరు. సరిపోయింది."

బండి వెనక హోంవర్కు చేసుకుంటున్న పిల్ల తలెత్తింది. "నన్నెవరూ అడగరా? అందరూ ఒకటీ ఒకటీ అని ఏడిపిస్తారు తాతా."

"మా నాన్న నన్ను కుక్కపిల్లా అని పిలిచేవాడు. నేను మొరిగానా?"

పిల్ల నవ్వలేదు. "శుక్రవారం చూస్తాను" అంది.

శుక్రవారం మైకు ముందు లియావ్ స్పష్టంగా చదివింది: "రెండో తరగతి, షేన్ యీ."

ఎవరూ లేవలేదు. పిల్ల తల వంచుకుని చెప్పుల వైపు చూస్తోంది. పాత పేరు లియావ్ నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు దాన్ని పలికితే ఇక ఎప్పటికీ అదే. పెదవులు బిగించి ఎదురుచూసింది.

తల్లిదండ్రుల గుంపు వెనకనుంచి, కారపునూనె మరకల ఏప్రన్‌తో ఒక ముసలాయన అరిచాడు. "వేవే! యీ అంటే నువ్వేనే, వెళ్లు!"

ఆవరణంతా నవ్వింది. ముందు మొహం చిట్లించుకున్న పిల్ల, ఆపుకోలేక తనూ నవ్వేసి లేచింది. వేదిక మీద ఆనవాయితీ ప్రకారం తన పేరు తనే చెప్పాలి. "నా పేరు షేన్" అని ఆగింది. లియావ్ వైపు ఒకసారి, గుంపు వెనక్కి ఒకసారి చూసి, 'యీ'ని ఒక అడ్డగీత గీసినంత తిన్నగా, పొడవుగా పలికింది.