కుప్పం దగ్గర నా బొట్టు

మా జువాలజీ మేడమ్ పోయారని మదనపల్లె నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను అద్దం ముందు నిలబడి బొట్టుబిళ్ళ పెట్టుకుంటున్నాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆమె గోడమీది పటం గురించి చెప్పాలి.

తొంభైల్లో ఆమె మాకు డిగ్రీలో పాఠం చెప్పారు. చెట్టుతొర్రల్లో ఉండే అరచేయంత సాలీళ్ళు, టరాంటులాలంటే ఆమెకు ప్రాణం. టరాంటులాల్లో మన దేశంలోనూ శ్రీలంకలోనూ తప్ప ఇంకెక్కడా లేని ప్రజాతి అది, అంటే ఒకే ఇంటిపేరున్న జాతుల గుంపు. అందులో ఏది ఏ జాతో, ఎంతదూరం వ్యాపించిందో తేల్చాలని తిరిగేవారు. ఇంట్లో జిల్లా పటం తగిలించి, సాలీడు కనిపించిన చోటల్లా ఒక బొట్టుబిళ్ళ అంటించేవారు. భర్త పోయాక ఆచారం ప్రకారం బొట్టు మానేశారు గాని, బిళ్ళలు కొనడం మానలేదు. అంగడామె వింతగా చూస్తే, "నాకు గాదులేమ్మా, సాలీళ్ళకి" అనేవారు.

చింతకాయలు దులిపేముందు, సాలీళ్ళు చావాలని తొర్రలో కిరోసిన్ గుడ్డ వెలిగించడం మావైపు అలవాటు. చౌడేపల్లెలో ఒక రైతు అలాగే గుడ్డ చుడుతుంటే మేడమ్ అడ్డుపడ్డారు.

"యాలప్పా కాల్చేది?"

"అది కరిస్తే మనిషి బతకడు మేడమ్."

"నొప్పి పుడతాది, కండరాలు పట్టేస్తాయి. సచ్చేదేం లేదు. తొర్రలో సెయ్యి పెట్టకుంటే ఆ నొప్పీ ఉండదు."

రైతు గుడ్డ పడేశాడు గాని, ఆ రోజు ఆ కొమ్మ మాత్రం ఎక్కలేదు. మేడమ్ సాలీడును గాజు సీసాలోకి దింపి నాకిచ్చారు. నేను వీపుమీది గీతలు చూసి గబుక్కున జాతి పేరు చెప్పేశాను. "పైన అన్నీ ఒకటే మాదిరి ఉంటాయి. కింద సూడు" అని సీసా పైకెత్తి, ముందుకాళ్ళ అడుగున పసుపు పట్టీలు చూపించారు. జాతి తేలేది అక్కడట. తరువాత దాన్ని అదే తొర్రలో వదిలేశారు.

పుంగనూరు, చౌడేపల్లె, పెద్దపంజాణి వైపంతా పటం నిండుతూ వచ్చింది. కుప్పం మాత్రం ఖాళీ. అక్కడా సాలీడు ఉందని ఎంతమంది చెప్పినా అంటించేవారు కాదు. "సూసినోళ్ళే పెట్టాల" అన్నది ఆమె పట్టు. ఈలోగా మోకాళ్ళు మొరాయించాయి. ఆ ఖాళీ అలాగే మిగిలిపోతుందని ఆమెకు దిగులు.

పోయినేడు సెలవుపెట్టి నేనే కుప్పం వెళ్ళాను. అడవి అంచున ఒక ముసలి చింతచెట్టులో దొరికింది. చూసి వదిలేసి, నేరుగా మేడమ్ ఇంటికొచ్చాను.

"కింద సూసినావా?"

"సూసినా మేడమ్."

ఇంకేమీ అడగలేదు. అంత గౌరవం నాకు జీవితంలో ఇంకెవరూ ఇవ్వలేదు. "అయితే నువ్వే పెట్టు" అన్నారు. తీరా చూస్తే బిళ్ళలు అయిపోయాయి. "నీ మొగాన ఉండాది గదమ్మా!" అన్నారు. తీసి అంటించాను. ఇద్దరం బోసి నుదుళ్ళతో పటం ముందు నిలబడ్డాం. "ఇట్లే బస్సెక్కితే మీ అత్త నన్ను తిడతాది" అని ఆమె కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

ఫోన్ వచ్చిన రోజే మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. ఆమెను ముందుగదిలో పడుకోబెట్టారు. తలవైపు గోడకు పటం. చిన్న చిన్న నల్ల బిళ్ళలకు దూరంగా, కుప్పం దగ్గర, నా ఎర్ర బిళ్ళ కొంచెం వంకరగా, ఊడకుండా అలాగే ఉంది.