మంచుకొండ కోసం ఉపవాసం

హిమాలయాల్లో పర్వతారోహణ శిక్షణకు మా ఖమ్మం కాలేజీ ఎన్‌సీసీ అమ్మాయిల్లో ఒక్కరినే పంపుతామన్నారు. వడపోతలన్నీ అయ్యాక ఇద్దరం మిగిలాం. నేనూ, తల్లాడ దగ్గరి ఒక రైతు కుటుంబపు అమ్మాయీ. ఆ వేసవి క్యాంపును దుమ్ముగూడెం దగ్గర పెట్టారు. గోదావరి ఇసుకలో పరుగు, వెనక అడవి గుట్టలు ఎక్కడం. వీపున పిట్టు, అంటే ఇసుక నింపిన సంచి. ఎక్కేటప్పుడు నేను కీర్తన పాడుకునేదాన్ని. చరణం తెగకుండా సాగితే ఊపిరి సరిపోతున్నట్టు లెక్క.

మా ఇల్లు అక్కడికి దగ్గరే. మా క్రైస్తవ సంఘంలో ఆడపిల్ల ప్యాంటు తొడగడమే కొందరు పెద్దలకు గిట్టలేదు. స్త్రీకి పురుషవేషం కూడదన్న బైబిలు వాక్యం తీసి చూపించారు. పాస్టరుగారి భార్యను మేమంతా అమ్మగారు అనేవాళ్లం. ఆమె వాళ్ల ఇళ్లకే వెళ్లి అడిగింది.

"గా మంచుల చీర కట్టుకొని పోతే పిల్ల గడ్డకట్టదా? ప్రభువు గది సూసి సంతోషపడ్తడా?"

పెద్దలు కాస్త మెత్తబడ్డారు. ఒక షరతు మాత్రం పెట్టారు. దేవుని చిత్తమైతే పిల్ల నెగ్గుతుంది. ఓడితే ఆయన వద్దన్నట్టే, ఇక ఏ యేడూ కొండల మాట ఎత్తకూడదు. మా నాన్న సరేనన్నాడు. నాకు భయం పట్టుకుంది. ఓడిపోతాననే భయం కంటే, నా ఓటమి దేవుని నోటి మాటగా నిలిచిపోతుందన్న భయం పెద్దది.

చివరి పరీక్షకు ముందు మా శిక్షకుడు ఇద్దరికీ రెండు రోజులు సెలవిచ్చాడు. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చిన ఖమ్మం సాయిబు. "బేటీ, పరుగు బంద్. మంచిగ తినుర్రి, మంచిగ పండుకోర్రి. గంతే."

నేను ఇంటికి వచ్చేసరికి అమ్మగారు నా కోసం మూడు రోజుల ఉపవాస ప్రార్థన ప్రకటించి ఉంది. సంఘంలోని స్త్రీలంతా మందిరంలో చాపలు పరిచి కూర్చున్నారు. మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టరు. నా కోసం వాళ్లు పస్తులుంటే నేను ఇంట్లో అన్నం ఎలా తినగలను? వెళ్లి వాళ్ల మధ్య మోకరించాను. రెండో రోజుకు ఆకలి పోయింది. అది కృప అనుకున్నాను.

మూడో రోజు ఉదయం గుట్ట దగ్గర శిక్షకుడు నా ముఖంలోకి చూశాడు. "పెదాలేంది గట్ల ఎండినయ్? తబియత్ మంచిగున్నదా?"

"బాగానే ఉన్న సార్," అన్నాను. తిన్నావా అని అడిగి ఉంటే అబద్ధం చెప్పలేకపోయేదాన్ని. ఆయన అడగలేదు.

గుట్టను ఒకసారి ఎక్కి దిగి, మళ్లీ ఎక్కాలి. ముందు పైకి చేరినవాళ్లదే చోటు. పిట్టు నేలకు తగిలితే పోటీలోంచి వెళ్లిపోవాలి. అమ్మగారూ కొందరు స్త్రీలూ కింద చెట్ల నీడలో ప్రార్థన చేస్తున్నారు. పరీక్ష అయ్యాక ఉపవాసం విడవడానికి రాగిజావ క్యాను తెచ్చుకున్నారు.

మొదటిసారి ఎక్కుతుంటే సగంలోనే పాట ఆగిపోయింది. ముందు వెళ్తున్న తల్లాడ అమ్మాయి వెనక్కి తిరిగి నవ్వింది. "ఏంది సిస్టరూ, ఇయ్యాల మీ దేవునికి పాట లేదా?" ఎలాగో పైకి చేరాను. దిగేటప్పుడు రాళ్లు రెండేసిగా కనిపించాయి. కింద అడుగు పెట్టగానే ముందుకు తూలాను. సంచి నేలకు తగలకుండా రెండు చేతులూ నేలకు ఆనించి ఆగాను.

"పిట్టు దించు బేటీ," అన్నాడు శిక్షకుడు. "నీకేమన్న అయితే మీ నాయనకు నేనేం జవాబు చెప్పాలె?"

"దించను సార్."

అమ్మగారు క్యాను పట్టుకొని వచ్చింది. వెనక నుంచి ఒకామె గాభరాగా అంది: "అమ్మగారూ, ప్రార్థన ఇంకా ముగియలేదు. ఇప్పుడు తాగిస్తే మూడు రోజులది వ్యర్థమైతది."

"బైబిల్ల, చెట్టు కింద పడి సావు అడిగిన ప్రవక్తకు దూత ఏం చెప్పిండు? ఇంకో పూట పస్తుండుమన్నడా?" అమ్మగారు గ్లాసులోకి జావ వంచింది. "లేచి తినుమన్నడు. పోవాల్సిన తొవ్వ శానా ఉన్నదన్నడు. నోరు తెర్వు బిడ్డా."

శిక్షకుడు తల పట్టుకున్నాడు. "యా అల్లా! మూడు దినాలసంది తినలేదా? నేను చెప్పిందేంది, మీరు చేసిందేంది?"

"ఫికరు లేదు సార్," అంది తల్లాడ అమ్మాయి, రెండోసారి ఎక్కబోతూ ఆగి, రొప్పుతూనే. "ఆమె వంతుది గుడ నేనే తిన్న."

వంగి ఉండగానే గ్లాసు జావ తాగాను. లేచాను. రెండోసారి ఎక్కుతుంటే ప్రతి బండ దగ్గరా ఇక్కడే దించేద్దాం అనిపించింది. దించలేదు. నేను పైకి చేరేసరికి ఆ అమ్మాయి బండ మీద కూర్చుని బూటు లేసులు వదులు చేసుకుంటోంది. చోటు ఆమెకే వచ్చింది. న్యాయమే.

ఆదివారం ఆరాధన చివర ప్రకటనల వేళ పెద్దాయన ఒకరు లేచి, దేవుడు తన చిత్తం తెలిపాడని మొదలుపెట్టాడు. మా సంఘంలో కూడికలో స్త్రీలు మాట్లాడరు. అమ్మగారు చాప మీద నుంచి, తల మీద కొంగు సర్దుకుంటూనే మాట్లాడింది.

"ఆయన వద్దనలేదయ్యా. మనమే పిల్లను ఆకలితోని పంపినం. మన తప్పు తెచ్చి ఆయన మీద పెట్టొద్దు."

పెద్దాయన మా వైపు తిరిగి నన్ను అడిగాడు: "వచ్చే యేడు పిలిస్తే పోతవా?"

కూడికలో నోరు విప్పి జవాబు చెప్పడం నాకు కూడదు. లేచి నిలబడటానికి మాత్రం ఏ నియమమూ అడ్డం లేదు. లేచి నిలబడ్డాను.

ఆయన మా నాన్న వైపు చూశాడు. నాన్న తలూపాడు.

"కూసో బిడ్డా," అన్నాడు పెద్దాయన. "ఈపారి తిని పో."