మా వీధి తాళంచెవులన్నీ ఆవిడ దగ్గరే

ఎదురింటి పిన్నిగారు పోయారని వాళ్ళాయన బాబాయిగారు ఫోన్ చేసినప్పుడు మా రైలు కొత్తవలసలో ఆగి ఉంది. గబగబా దిగేశాను. చూస్తే ముందు పెట్టెల్లోంచి పక్కింటి మాస్టారు, మేడమీదింటి భార్యాభర్తలు, మూలింటి బ్యాంకావిడ ఒక్కొక్కరే దిగుతున్నారు. బాబాయిగారు వరసగా అందరికీ చేసినట్టున్నారు. విజయనగరంలో ఉండాల్సిన మా వీధి మొత్తం కొత్తవలస ప్లాట్‌ఫాం మీద నిలబడి ఏడ్చింది. ఆ పొద్దున్నే నా చేతిలో తాళంచెవి అందుకుంటూ "టిఫిను తిన్నావేటి?" అని అడిగిన మనిషి.

మాది సీజన్ టికెట్ల వీధి. పొద్దున్నే విశాఖపట్నం రైలెక్కుతాం, పొద్దుపోయాక వస్తాం. మా ఊళ్లో పగలు ఎలా ఉంటుందో ఆదివారం నాడే చూస్తాం. మిగతా రోజుల్లో వీధి పిన్నిగారిది. రైలుకి పరిగెత్తే ముందు ప్రతి ఇంటివాళ్ళూ ఆవిడ గుమ్మం పక్క మేకులకి తాళంచెవి తగిలించి పోవడం మాకు అలవాటు. గ్యాస్ బండ దింపించడం, కుళాయి వదిలితే నీళ్ళు పట్టడం, పాలకి తోడు వేయడం అన్నీ ఆవిడే. ఆ తోడు అందరికీ ఒకే గిన్నెలోది. వీధంతా ఒకే రుచి పెరుగు తిన్నాం.

ఇక ఆవిడ నోట్లో నువ్వుగింజ నానేది కాదు. మా ఫ్రిజ్‌లో పాత సాంబారు సంగతి నాకంటే ముందు మాస్టారికి తెలిసేది. ఇదేం పని పిన్నీ అంటే, "ఇల్లకి తాలాలేసుకున్నారు గానీ నా నోటికేసినారేటి?" అని పకపకా నవ్వేవారు.

ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా సోఫాలో ఎవరో బంధుగణం కూర్చుని కాఫీలు తాగుతున్నారు. వాళ్లలో పెద్దాయన లేచి, "రామ్మా, కూకో, మొగమాటపడకు" అని నా కుర్చీ నాకే చూపించాడు. ఇల్లు తప్పి వచ్చానేమోనని బయటికెళ్ళి గుమ్మం చూసుకున్నాను. ఇంతలో వంటింట్లోంచి పిన్నిగారు నా జంతికల డబ్బాతో వచ్చి చెవిలో చెప్పారు.

"మేడమీద పిల్లకి రాజాం సమ్మందం. ఆల్లు బేగొచ్చీసినారు. దానమ్మాబాబూ ఇంకా రైల్లోనే ఉన్నారు. రోడ్డుమీద నిలబెట్టీమంటావేటి? మీ ఇంట్లో సోఫా బాగున్నాదని కూకోబెట్టీసినాను."

"నన్నొక మాట అడగొద్దా పిన్నీ?"

"అడిగితే వద్దంటావేటి?"

అననని ఆవిడకి తెలుసు. ఆ సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు వైపువాళ్ళు ఇప్పటికీ నన్ను పెళ్ళికూతురి మేనత్తననే అనుకుంటారు.

మా అమ్మాయి బళ్ళో చేరిన ఏడు, సాయంత్రం దాన్ని చూసుకునేవాళ్ళు లేక విశాఖలో అద్దెకి ఇల్లు చూసుకున్నాం. సామాను సర్దుతుంటే పిన్నిగారొచ్చి అట్టపెట్టె మీద కూర్చున్నారు, లేవలేదు. "గుంట నాకాడుంటాది. ఆ ఊర్లో మీ తలుపు ఎవులు కొడతారే? రైలు లేటయితే బువ్వ సల్లారిపోతాది, అంతేగదా. ఎచ్చబెట్టుకుందుము." ఆ మాట మీద ఆగిపోయాం. ఈ ఊళ్లో మా సంసారం నిలిచిందంటే ఆవిడ చలవే. మా అమ్మ మీద ఎంత ప్రేమో ఆవిడ మీదా నాకు అంతే.

బాబాయిగారు రిటైరైన మనిషి. పేపరు తప్ప వీధి గొడవ పట్టేది కాదు. గ్యాస్ బండ వస్తే "ఓయ్, నిన్నే" అని లోపలికి కేకేసి మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయేవారు. అందుకే దినకార్యాలయ్యాక ఎవరి తాళంచెవులు వాళ్ళం తెచ్చేసుకున్నాం. మా ఆయన మళ్ళీ విశాఖలో ఇళ్ళు చూడ్డం మొదలుపెట్టి, ఒకటి దాదాపు ఖాయం చేశారు. నాకు వద్దనే ధైర్యం లేకపోయింది. నాలుగో తరగతి పిల్లని ఎవరిమీద వదిలి రైలెక్కను?

నా సెలవు అయిపోయిన రోజు పొద్దున్న ఇంటికి తాళం వేస్తుంటే బాబాయిగారు గేటు దగ్గరకొచ్చి నిలబడ్డారు. చెయ్యి చాపారు.

"తోడెయ్యడం నాకు రాదమ్మా. తాలం మాత్రం ఇలాగిచ్చీ. గుంట బడినుంచి ఎప్పుడొస్తాది?"

తాళంచెవి ఇచ్చాను. రైలెక్కానే గానీ ప్రాణమంతా ఇంటి దగ్గరే. సాయంత్రం తిరిగొచ్చేసరికి విజయనగరంలో కుండపోత. స్టేషన్ నుంచి ఆటోలో వస్తూ, ఇల్లు వద్దని ఆ విశాఖ వాళ్ళకి చెప్పెయ్యనా అని మనసులో అనుకుంటూనే, మళ్ళీ భయపడుతూనే ఉన్నాను. ఆటో మా సందులోకి తిరిగింది.

ఎదురింటి వరండాలో బాబాయిగారు తడిసి ముద్దై నిలబడి ఉన్నారు. రెండు భుజాల మీదా వీధి వీధంతా ఆరేసుకున్న బట్టలే. నా చీరలు, మాస్టారి పంచెలు, బ్యాంకావిడ దుప్పట్లు అన్నీ కలగాపులగం. మా అమ్మాయి కుర్చీ ఎక్కి ఒక్కొక్కటే లాగుతూ "ఇది మాది తాతా, ఇది మేడమీదవాళ్ళది" అని చెబుతోంది. ఆయన బుద్ధిగా తలాడిస్తూ, వంకరటింకరగా మడతలు పెడుతున్నారు.