మా బావ ముఖం కడుక్కునే బీరువా

ఒక మనిషి ముఖం కడుక్కోవడానికి చేయించిన సామాను ఒక కాపురాన్ని కూల్చబోయిందంటే మీరు నమ్మరు. నమ్మకండి, నాకేం నష్టం లేదు. కానీ ఆ సామాను ఎంపిక చేసిందీ, చేయించిందీ, దాని గొప్ప ఊరంతా చాటిందీ నేనే. అందువల్ల ఆ రోజు మా ఇంటి గడప దగ్గర నా పరిస్థితి ఏమిటో నాకొక్కడికే తెలుసు. చివరికి గెలిచింది నేనేననుకోండి. ఎలా గెలిచానో వింటే మాత్రం మీరు నన్ను మెచ్చుకోరు, నవ్వుతారు. నవ్వండి, నాకు అలవాటే.

అరవైల మొదటి రోజులు. గూడూరు అవతల కోట అనే ఊరి దగ్గర మా పల్లె. ఇంట్లో అమ్మ, నాయన, అవ్వ, నేను. మా అక్కను మద్రాసులో ఉద్యోగం చేసే బావకు ఇచ్చారు. బావ మంచివాడే గానీ నీటు మనిషి. చొక్కాకు ముడత పడితే ఆ రోజు ఆయన ముఖానికీ ముడత పడేది. ఆ శ్రావణంలో అక్క శ్రీమంతానికి వచ్చాడు. పొద్దున్నే బావి దగ్గర బండ మీద నిలబడి, ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో సబ్బు, చంకలో అద్దం, భుజం మీద తువ్వాలు పెట్టుకుని ముఖం కడుక్కుంటున్నాడు. బండ మీద పాచి. జర్రున జారి కాకర పందిరిని కావలించుకుని, పందిరితో సహా కింద పడ్డాడు.

పందిరి కింద నుంచే ఆయన శపథం చేశాడు. "ముఖం కడుక్కునేదానికి చోటు లేని ఇంటికి ఇంక నేను రాను. బిడ్డ బారసాల మద్రాసులోనే!"

మా అక్క ఏడుపు మొదలుపెట్టింది. బియ్యంలో బిడ్డ పేరు రాయాల్సింది తండ్రి. తండ్రి రాకపోతే పుట్టింట్లో బారసాల ఎలా చేస్తారు? పోనీ పచ్చి బాలింతరాలిని మద్రాసు పంపుతారా? అవ్వ పైకి చూసింది, నాయన కిందికి చూశాడు. ఎవరూ అడక్కుండానే నేను ముందుకొచ్చి రొమ్ము విరుచుకున్నాను.

"బావా, మీరు రాండి. వచ్చేసారికి మీకు మద్రాసులో కూడా లేనట్టాంటి ఏర్పాటు చేస్తా. నాదీ పూచీ!"

అంతకుముందు నా పూచీ మీద మా ఇంట్లో జరిగిన పనుల గురించి ఇక్కడ చెప్పను. నాయన ముఖం చూస్తే మీకే తెలిసేది.

వెనక వసారాలో తెలగపిండి నిల్వచేసే చిన్న గది ఉంది. దాన్ని ఖాళీ చేయించి, నేల గచ్చు చేయించి, స్నానాల గది అని పేరు పెట్టాను. ఎంత గదంటే, లోపల నిలబడి చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేవి. తలుపు లోపలికి తెరుచుకునేది. అందులోనే స్నానం చెయ్యాలి, అందులోనే బావ ముఖం కడుక్కోవాలి, అందులోనే ఆయన సబ్బూ, పళ్ళపొడీ, గడ్డం గీసుకునే సామానూ ఉండాలి. ఇవన్నీ ఒక్కచోట ఇమిడే వస్తువు మద్రాసులో ఒక డాక్టరు గారింట్లో చూశాను. కింద బీరువా, దాని నెత్తిన తెల్లటి పింగాణీ బేసిన్, ఆ పైన అద్దం. వాష్‌స్టాండు అన్నారు. ఆ రోజు నుంచి అది నా కలల్లోకి రావడం మొదలైంది.

మద్రాసు వెళ్ళి, దొరలు వదిలిపోయిన సామాన్లు అమ్మే అంగడిలో దూరాను. అంగడి ముదలియారు మొదట చూపించిన బేసిన్‌లో మా లేగదూడకు స్నానం చేయించవచ్చు. రెండోదాంట్లో ఒక్క చెయ్యి కడిగితే ఇంకో చెయ్యి వరసలో నిలబడాలి. మూడోది తెల్లగా, గుండ్రంగా, అంచు చుట్టూ నీలం తీగ పారించి, అడుగున చక్కటి రంధ్రంతో నన్నే చూస్తూ ఉంది.

"తంబీ, ఇది గోడ మూలకు పెట్టేది. చిన్న రూముకు సరిగ్గా ఉంటుంది," అన్నాడు ముదలియారు.

రైల్లో గూడూరు దాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. పక్కనున్న ఆమె తన బిడ్డను కూడా అంత భద్రంగా పట్టుకోలేదు.

ఇక బీరువా చెయ్యాలి. కోటలో పేరున్న వడ్రంగి ఆచారి దగ్గరికి పోయాను. చుట్టుపక్కల గుళ్ళలో వాహనాలూ, పల్లకీలూ, మండపాలూ అన్నీ ఆయన చేతివే. నాకు కావలసింది నేల మీద గీసి చూపించాను. మూలలో ఒదిగేటట్టు మూడు మూలల బీరువా. లోపల సబ్బుకో అర, పళ్ళపొడికో అర, పక్కన తువ్వాలు వేసే కడ్డీ. మా ఊళ్ళో కొళాయిలు లేవు కాబట్టి, అద్దం ముందు పైన ఒక రాగి బిందె, దానికి చిన్న కొళాయి. తిప్పితే నీళ్ళు ధారగా బేసిన్‌లో పడాలి. బేసిన్ రంధ్రంలోంచి కింద బీరువాలో పెట్టిన బకెట్‌లోకి దిగాలి. ఎక్కడా చుక్క చిందకూడదు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

"మరి అద్దం చుట్టూ బోసిగా ఉంటే ఏం బాగుంటాది? తోరణం చెక్కేదా?" అన్నాడు ఆచారి.

"చెక్కు."

"రెండు పక్కలా చిలకలు?"

"పెట్టన్నా."

"బేసిన్ చుట్టూ తామర రేకులు?"

"ఆచారన్నా, నన్ను అడగబాకు. స్టైలుగా ఉండాల. చూసినోళ్ళు దణ్ణం పెట్టాల. అంతే!"

ఆచారి ముఖం వెలిగిపోయింది. "ఆ మాట ముందే చెప్పొచ్చు గదా!" అని ఉలి అందుకున్నాడు.

ఇంట్లో మాత్రం ఎవరికీ వివరం చెప్పలేదు. అక్కకు ఒక్కదానికే చెప్పి ఒట్టు వేయించుకున్నాను. అవ్వ రోజూ అడిగేది, "ఏం చేపిస్తా ఉండావురా ఆచారి దగ్గర?" అని. "వచ్చినాక చూస్తావులే అవ్వా. చూసినావంటే చెయ్యెత్తి దణ్ణం పెడతావు," అనేవాణ్ణి. చూశారా, ఒకే గుంతను రెండువైపుల నుంచీ తవ్వుకున్నాను.

కార్తీకంలో అక్కకు మగబిడ్డ. బారసాలకు బావ వస్తానన్నాడు. "ఏర్పాటు చూస్తాను. బాగలేకపోతే తిరుగు బండి ఎక్కేస్తా," అని ముందే కబురు పెట్టాడు. ఆయన వచ్చేది సోమవారం. సామాను తెల్లారి పంపిస్తానని ఆచారి ఆదివారమే మాటిచ్చాడు. నేను సోమవారం పొద్దున్నే గూడూరు స్టేషనుకు పోయి బావను దించుకుని బస్సెక్కించాను. దారి పొడవునా దుమ్ము. బావ కనుబొమలు నెరిసినట్టు కనిపిస్తున్నాయి.

"అద్దం ఉండాదా?" అన్నాడు.

"మీ నడుము దాకా కనిపిస్తాది బావా."

"సబ్బు పెట్టుకునేదానికి?"

"దానికో అర."

"తువ్వాలు?"

"దానికో కడ్డీ."

"నీళ్ళు ఎవరు పోస్తారు?"

"ఎవరూ పొయ్యబళ్ళా. తిప్పితే ధార!"

బావ నా భుజం తట్టాడు. "పర్వాలేదే! పుట్టినాక ఒక మంచి పని చేసినావు. పోతానే ముందు దాని దగ్గర నిలబడి సబ్బేసి ముఖం కడుక్కుంటా. ఆ తరవాతే కాఫీ."

మా వీధి మలుపు తిరిగేసరికి గంట వినిపించింది. కర్పూరం వాసన. మా ఇంటి ముందు చెప్పులే చెప్పులు. ఎవరికేమయిందోనని బావను వెనకే వదిలేశాను. పరుగున గడప దగ్గరికి పోయి లోపలికి చూశాను.

నడవలో, తూర్పు మూలన, నా వాష్‌స్టాండు. దాని నెత్తిన శిఖరం. శిఖరం నేను చెప్పలేదండీ, అది ఆచారి సొంతం. చిలకల మధ్య అద్దం, అద్దానికి పెద్ద కుంకుమ బొట్టు. సబ్బు అరలో విభూతి. పళ్ళపొడి అరలో హారతి కర్పూరం. తువ్వాలు కడ్డీకి బంతిపూల దండ. బేసిన్ నడుమ, మా తాత కాశీ నుంచి తెచ్చిన చిన్న శివలింగం. రాగి బిందె కొళాయిలోంచి సన్నగా ధార లింగం మీద పడుతోంది. ఊరి పూజారి కళ్ళు మూసుకుని మంత్రాలు చదువుతున్నాడు. బావ కోసం పెట్టించిన బకెట్‌లో తీర్థం నిండుతోంది.

అవ్వ నన్ను చూసింది. వచ్చి రెండు చేతులతో నా ముఖం పట్టుకుంది.

"నా తండ్రే! కార్తీక సోమవారం పూట శివుడికి మందిరం పంపించినావే! ముప్పై ఏళ్ళుగా గూట్లో మసి పట్టుకుని ఉండాడురా ఆ సామి. అభిషేకం నీళ్ళు చుక్క కింద పడకుండా ఎట్టా చేపించినావురా? పైన ధార, కింద తీర్థం! దణ్ణం పెడతావని నువ్వంటే ఏందో అనుకున్నా. పెట్టినాన్రా, కడుపు నిండా పెట్టినా!"

ఆమె కళ్ళలో నీళ్ళు. అవతల నాయన కండువాతో ముక్కు తుడుచుకుంటున్నాడు. పుట్టి బుద్ధెరిగాక నాయన నన్ను చూసి ఏడ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి గానీ, సంతోషంతో ఏడవడం అదే మొదలు. "అదికాదవ్వా, అది పళ్ళు తోముకుని ఉమ్మేదానికి చేపించింది," అని ఆ మనిషితో ఎలా చెప్పను? మీరైతే చెప్పేవారా?

అప్పుడు నా వెనక నుంచి బావ లోపలికి వచ్చాడు. ఆ నడవలో ఉన్నవాళ్ళందరిలో నేనూ అక్కా కాక వాష్ బేసిన్ అంటే ఏమిటో తెలిసినవాడు ఆయనొక్కడే. గది తలుపు దగ్గర బిడ్డను ఎత్తుకుని అక్క నిలబడి ఉంది. ఆమె చూపు బావ ముఖం మీద నుంచి నా ముఖం మీదికీ, నా ముఖం మీద నుంచి బావ చేతిలోని పెట్టె మీదికీ తిరుగుతోంది. పెట్టె ఇంకా కింద పెట్టలేదు.

"ఇదేనా?" అన్నాడు బావ, నా చెవిలో.

"ఇదే బావా."

"ఎవురన్నా వాడినారా?"

"లేదు బావా. మీరే మొదలుపెట్టాలని నేను చెయ్యి కూడా కడగలా."

ఇంతలో అవ్వ ఉద్ధరిణెతో తీర్థం తెచ్చింది. "పట్టు నాయనా. నీ బామ్మర్ది చేపించిన మందిరంలో తొలి తీర్థం ఇంటి అల్లుడికే."

బావ అవ్వ ముఖం చూశాడు. అక్కనూ బిడ్డనూ చూశాడు. మెల్లగా పెట్టె కింద పెట్టి, చెయ్యి చాపి తీర్థం తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. అద్దుకున్న చెయ్యి కళ్ళ మీద నుంచి తియ్యలేదు. భుజాలు అదరడం మొదలుపెట్టాయి. ఆయన కోపంతో అదురుతున్నాడనుకుని నేను చూరు వైపు చూస్తూ ఆ శివుణ్ణే ప్రార్థించాను.

"చూడండమ్మా అల్లుడి భక్తి!" అంది అవ్వ, చుట్టూ ఉన్న ఆడవాళ్ళతో.

ఆ మాటతో బావ పరుగున దొడ్లోకి పోయాడు. వెనకే నేను. ఆయన పాచిబండ మీద చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వు ఆపలేక చేత్తో నేల కొడుతున్నాడు. ఆ బండ మీద ఆయన తనంతట తాను కూర్చోవడం అదే మొదటిసారి.

"ఒరే, ఇప్పుడు నేను ముఖం యాడ కడుక్కోవాల్రా?" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

"నేనుండా గదా బావా!"

ఆ చిన్న గదిలో, వాష్‌స్టాండు ఉండాల్సిన మూలలో నేను నిలబడ్డాను. కుడిచేత్తో చెంబు. ఎడమచేతిలో సబ్బు. భుజం మీద తువ్వాలు. మెడలో తాడుకు వేలాడే అద్దం. "ధార," అంటే పోశాను. "సబ్బు," అంటే చాపాను. "అద్దం కొంచెం కిందికి," అంటే మోకాళ్ళు వంచాను. తలుపు తెరవాలంటే పక్కకు జరిగాను.

బావ ముఖం తుడుచుకుని, నన్ను పైనుంచి కిందికి చూసి అన్నాడు, "ఇట్టాంటి సామాను మద్రాసులో యాడా దొరకదురా. చిన్న గదికి సరిగ్గా ఉండావు. స్టైలు ఒక్కటే తక్కువ."

ఆయన తిరుగు బండి ఎక్కలేదు. బారసాల దాటి, నెల ముగిసేదాకా ఉన్నాడు. బిడ్డకు పెట్టాలని మద్రాసు నుంచి ఏదో కొత్త తరహా పేరు అనుకుని వచ్చాడు. బియ్యం పళ్ళెం ముందు కూర్చుని, ఆ కొళాయి ధార వంక ఒకసారి చూసి, గంగాధరం అని రాశాడు. తన పేరు ఎందుకంత పాతగా ఉందని ఇన్నేళ్ళుగా అడుగుతున్న మా మేనల్లుడికి ఇది చదివితే జవాబు దొరుకుతుంది.

ఆ తరవాత నా వైభవం చూడాలి. అలాంటి మందిరమే కావాలని పక్కూళ్ళ నుంచి ఆచారి ఇంటికి బండ్లు కట్టుకుని వచ్చారు. నమూనా నాది కాబట్టి బేసిన్లు తేవడానికి మద్రాసు వెళ్ళేదీ నేనే. మూడోసారి పోయినప్పుడు ముదలియారు కళ్ళజోడు పైకి నెట్టి, "ఏం తంబీ, మీ పక్క జనం ముఖాలు ఇంత శుభ్రంగా కడుగుతారా?" అన్నాడు. "మా పక్క భక్తి ఎక్కువండీ," అని బేసిన్లు కట్టించుకుని వచ్చేశాను.

ఈనాటికీ ఎవరింట్లోనైనా భోజనం చేసి వాష్ బేసిన్ దగ్గర నిలబడితే, నా చెయ్యి ముందు కొళాయి మీదికి పోదు, కళ్ళకద్దుకోవడానికి లేస్తుంది. ఉమ్మాలంటే పెరట్లోకి పోతాను. మా ఆవిడ నాకు నాగరికత రాలేదంటుంది.

అందుచేత పాఠకులారా, మీ అందరి ఎదుటా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ వడ్రంగితోనూ "చూసినోళ్ళు దణ్ణం పెట్టాల" అనను. ఉత్తుత్తి ప్రమాణం అనుకోకండి. స్నానం చేసి, దీపం పెట్టి, ఆ బేసిన్ మీద చెయ్యి వేసి మరీ చేస్తున్నాను.