బ్రేక్ డిస్కుకి బొట్టు పెట్టిన రోజు

మూడేళ్లుగా కారులో వెళ్లివస్తున్న కొండని ఒక్కసారైనా సైకిల్ మీద ఎక్కాలని నా సరదా. 2013 వేసవిలో డిస్క్ బ్రేకులున్న కొత్త సైకిల్ కొన్నాక వాయిదా వేయడానికి సాకు దొరకలేదు. అప్పటికి మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి రెండు నెలలైంది. కొత్త బండికి పూజ చేయకుండా గడప దాటనివ్వనంది. శనివారం పొద్దున్నే మా శాంటా క్లారా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, సైకిల్ నిండా బొట్లు పెట్టింది. నేను హెల్మెట్ వెతుక్కునే హడావిడిలో సగమే చూశాను.

ఏడింటికి బయల్దేరాను. కొండ కిందున్న సారటోగా ఊరి దాకా ఎనిమిది మైళ్లు, దాదాపు చదును రోడ్డే. సిగ్నల్స్ దగ్గర బ్రేక్ వేస్తే కీచుమంటోంది, పట్టు కూడా అంతంతమాత్రం. డిస్కుని నొక్కి పట్టే కొత్త ప్యాడ్లు సర్దుకోవడానికి కొంత టైం పడుతుందని కొన్నచోట చెప్పారు కాబట్టి పట్టించుకోలేదు. ఊరు దాటాక హైవే 9 మీద ఏడు మైళ్లు ఎక్కుడే ఎక్కుడు. నీళ్లు ఊళ్లోనే నింపుకోండి, పైన నాకెక్కడా కనిపించలేదు. చెట్ల నీడ ఉండబట్టి బతికిపోయాను. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది?

పది దాటాక పైకి చేరేసరికి మా ఆయన గిరి, అమ్మ కారులో వచ్చి పులిహోర డబ్బా తెరుచుకుని కూర్చున్నారు.

"ఎలా ఉందే సైకిలు?" అంది అమ్మ.

"కూస్తోందమ్మా."

"కొత్తది కదా, అలవాటు పడాలి," అంటూ ఇంకాస్త పులిహోర వడ్డించింది.

దిగుడు మొదలైంది. మొదటి మలుపు ముందు రెండు బ్రేకులూ నొక్కాను. సైకిల్ గట్టిగా అరిచింది కానీ వేగం తగ్గలేదు. లివర్లు హ్యాండిల్‌కి తగిలేలా పిండినా అంతే. కుడిపక్క కార్లు ఆపుకునే కంకర జాగా కనిపిస్తే అందులోకి తిప్పి, కాళ్లు ఈడుస్తూ పడిపోయి ఆగాను. వెనకే వస్తున్న గిరి కారు ఆపాడు. అమ్మ గీసుకుపోయిన నా మోచెయ్యి చూస్తుంటే నేను ముందు చక్రం చూశాను. డిస్కు చుట్టూ ఎర్రగా, జిడ్డుగా ఒక చార.

"అమ్మా, ఇక్కడ కూడా పెట్టావా?"

"మిగతాదంతా నలుపే కదే. ఇదొక్కటే తళతళా మెరుస్తోందని రెండు చక్రాలకీ పెట్టాను. పొడి కుంకుమ నిలవట్లేదని దీపం కుందిలో నూనె కలిపాను."

సైకిల్‌ని కారు వెనక సర్దుకుని, సారటోగాలో ఒక సైకిల్ షాపుకి వెళ్లాం. మెకానిక్ డిస్కు తుడిచి, గుడ్డకంటిన ఎరుపు చూసి ఇదేంటని అడిగాడు. రోడ్డు మీద ఏదో ఆయిల్ అంటుకుని ఉంటుందని నేను సర్దబోయాను. అమ్మ ముందుకొచ్చి, "ఐ పుట్. ఫర్ సేఫ్టీ," అంది.

అతను నవ్వలేదు. డిస్కులు ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోతుంది, ప్యాడ్లు మాత్రం మార్చాల్సిందే అన్నాడు.

"సబ్బుతో కడిగితే పోదా?" అని అమ్మ నన్ను అడిగింది.

"పోదమ్మా. ప్యాడ్లు నూనెని లోపలికి పీల్చేసుకున్నాయి. పైకి శుభ్రంగా కనిపించినా వేడికి మళ్లీ బయటికొస్తుందట."

రెండు చక్రాలకీ కలిపి నలభై డాలర్లు, అరగంట పని. ఇంటికొచ్చాక అమ్మ నా మోచేతికి మందు రాస్తూ, "నీకేం కాకూడదనే పెట్టానే," అంది. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. పొద్దున నేను దగ్గరుండి చూసి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

పూజ మానమని ఎవరికీ చెప్పను, మేమూ మానలేదు. బొట్టుకి కలిపిన నూనె గానీ, చైన్‌కి కొట్టే స్ప్రే గానీ డిస్కు మీద పడనివ్వకండి. బయల్దేరే ముందు సైకిల్‌ని తోస్తూ బ్రేక్ పట్టి చూడండి. తరువాతి శనివారం అమ్మ హ్యాండిల్‌కి ఒకే ఒక్క బొట్టు పెట్టింది. ఆపైన సైకిల్‌ని తనే పార్కింగ్‌లో నాలుగడుగులు తోసి, రెండు బ్రేకులూ గట్టిగా పట్టింది. చక్రాలు కదల్లేదు. నమ్మకం కుదరక ఇంకోసారి తోసి చూసి, అప్పుడు నా చేతికిచ్చింది.

"ఇప్పుడు వెళ్లు."