మా షట్టర్ మీద పడ్డ నెత్తురు

ఈ రోజు మధ్యాహ్నం యాకుత్‌పురాలో మా స్టీలు సామాన్ల దుకాణం ముందు ఒక టీవీ క్రైమ్ సీరియల్ షూటింగ్ జరిగింది. డిటెక్టివ్ దొంగను తరిమి పట్టుకుని మా షట్టర్‌కేసి కొట్టాలి. మొదటి దెబ్బకే దొంగ వేషం వేసినతని కనుబొమ చీలి నెత్తురు కారింది. "ఆపున్రి అన్నా!" అని అతను అరిస్తే, అది డైలాగ్ అనుకుని గల్లీ అంతా చప్పట్లు కొట్టింది. డిటెక్టివ్ ఊపులో ఇంకో రెండు గుద్దులు గుద్దాడు. పక్కనే నిలబడి చూస్తున్న మా ఆవిడ పద్మ ఒక్కతే దూకి డిటెక్టివ్ చెయ్యి పట్టుకుంది.

"ఇడువు! నిజంగనే పలిగింది!"

డైరెక్టర్ మాత్రం మురిసిపోయాడు. "మస్తు చేసినవమ్మా! గదే మల్లొక్కసారి చెయ్యి, క్లోజప్ తీస్త."

"ముందుగాల ఈయనను దవాఖానకు తీస్కపో. లేకుంటే ఈసారి నీ అంగి గల్లా పట్టుకుంట" అంది పద్మ.

చివరికి మేమే ఆటో ఎక్కించి తీసుకుపోయాం. కుట్లు పడ్డాయి. పోయేటప్పుడు దారి పొడవునా తువ్వాలు నొసటికి అదుముకుంటూ అతను నన్ను అడిగింది ఒక్కటే.

"షాట్ ఓకే అయిందా అన్నా?"

మీరైతే ఏం చెప్పేవారు?